సింగపూరు చుట్టూ ఉన్న చిన్న దీవులు

మన సభ్యుల కుటుంబాలలో సింగపూరు వెళ్లివచ్చిన వారు ఇప్పుడు తక్కువేమీ కాదు. కొందరు పని మీద వెళ్లి ఏళ్ల తరబడి ఉన్నారు, కొందరు పిల్లల్ని చూడటానికి వెళ్లి నెల రోజుల్లో తిరిగి వచ్చారు. అక్కడ ఏం చూశారని అడిగితే పెద్ద భవనాలు, సెంటోసా ఆటస్థలాలు చెబుతారు. విమానం దిగేటప్పుడు కిటికీలోంచి కిందికి చూస్తే వరుసగా లంగరు వేసిన ఓడలు, ఆ ఓడల నడుమ పచ్చని చుక్కల్లాగా దీవులు కనిపిస్తాయి. వాటి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ఏటి సంచికకు ఆ దీవుల కథే రాద్దామని పూనుకున్నాము.

ముందుగా ఒక చిన్న మాట. మలాయి భాషలో దీవిని ‘పులావ్’ అంటారు. పులావ్ బుకోం, పులావ్ సెమకావు అని చదివినప్పుడు మన దస్తరుఖాను మీది పులావు గుర్తుకు రావటం సహజమే గాని, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

ఒక రేవు పట్టణం పెరిగేకొద్దీ తన వాకిట్లో ఉంచుకోవడానికి ఇష్టపడనివి కొన్ని పోగవుతాయి. అంటురోగి, ఖైదీ, మంట అంటుకునే నూనె, ఫిరంగి, చివరికి ఊరి చెత్త. సింగపూరు వీటన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటిగా ఈ దీవుల మీదికి పంపింది. పంపిన ప్రతిసారీ దీవి ఖాళీగా ఉన్నదన్నట్టే మాట్లాడారు. నిజానికి వాటిలో చాలావాటి మీద తరాలుగా జనం ఉన్నారు.

1819 జనవరి 28న రాఫెల్స్ దొర ఓడలు సింగపూరు దగ్గరికి వచ్చి మొదట లంగరు వేసింది సెయింట్ జాన్స్ దీవి దగ్గరనే. మరునాడు ఒడ్డుకు దిగారు. ఫిబ్రవరి 6న సుల్తాన్ హుసేన్‌తోను, తెమెంగోంగ్ అబ్దుర్రహ్మాన్‌తోను ఒప్పందం జరిగింది. ఐదేళ్లకు, 1824లో, మరో ఒప్పందం రాసుకున్నారు. అందులో సింగపూరు దీవితో పాటు, తీరం నుంచి పది మైళ్ల లోపున ఉన్న సముద్రము, జలసంధులు, చిన్న దీవులు అన్నీ కంపెనీవారికి దఖలు పడ్డాయి. ఒక్క కలం పోటుతో అన్ని దీవులూ చేతులు మారాయన్నమాట. అక్కడి బెస్తవారికి ఆ కబురు ఎప్పుడు చేరిందో ఏమో.

అన్నిటికంటె ఎక్కువ కథ గల దీవి ఆ సెయింట్ జాన్స్. దాని అసలు పేరు పులావ్ సకిజాంగ్ బెండెరా. ఆ ‘సకిజాంగ్’ అనే మాటే ఇంగ్లీషువారి నోట్లో ‘సెయింట్ జాన్’ అయిందని చెబుతారు. మన ఊళ్ల పేర్లను దొరలు ఏం చేశారో తెలిసిన వారికి ఇది వింత కాదు. 1873లో సింగపూరులో కలరా చెలరేగింది. ఓడల మీద వచ్చే కూలీల నుంచే రోగం ఊళ్లోకి వస్తున్నదని గ్రహించి, 1874లో ఈ దీవి మీద క్వారంటీను స్టేషను కట్టారు. అది తయారయ్యీ కాకముందే, ఆ నవంబరులో, చైనాలోని స్వాటో రేవు నుంచి మిల్టన్ అనే ఓడ వెయ్యిమందికి పైగా కూలీలతో, కలరాతో వచ్చింది. వారందరినీ దీవి మీదనే దించారు. అప్పటి నుంచి రోగమున్న ఓడ ఏది వచ్చినా మొదట అక్కడే ఆగాలి. చైనా కూలీలు, మద్రాసు వైపు నుంచి వెళ్లిన మన కూలీలు, అందరిదీ ఒకటే వరుస. దుస్తులు విప్పించి ఆవిరి పట్టించడము, రోజులు లెక్కపెట్టడము, బతికితే ఊళ్లోకి, లేకపోతే దీవుల్లోనే మట్టిలోకి. 1930ల నాటికి అది ప్రపంచంలోని పెద్ద క్వారంటీను స్టేషన్లలో ఒకటిగా పేరు పడింది.

ఇక్కడ మన పాఠకులకు దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. ఆ రోజుల్లో జావా, సుమత్రా, మలాయా దేశాల హాజీలకు సింగపూరే పెద్ద రేవు. మక్కా నుంచి తిరిగి వచ్చే హాజీల ఓడలను కూడ సెయింట్ జాన్స్ దగ్గర ఆపేవారు. హజ్ ముగించుకొని, నెలల తరబడి ఇల్లు విడిచి, ఎదురుగా ఊరి దీపాలు కనబడుతూ ఉంటే, ఆ నీళ్లకు ఇవతల రోజులు గడపవలసి వచ్చేది. మన దేశపు హాజీలకు ఈ బాధ వెళ్లేటప్పుడే ఉండేది. ఎర్ర సముద్రంలో కమరాన్ అనే దీవి మీద 1880ల మొదట్లో తుర్కీ ప్రభుత్వం క్వారంటీను పెట్టింది. బొంబాయి నుంచి జిద్దా వెళ్లే ఓడలు అక్కడ ఆగాలి. 1915లో ఆ దీవి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది గాని స్టేషను మాత్రం 1950ల దాకా నడిచింది. బొంబాయి నుంచి హజ్ ఓడలు 1995 వరకు నడిచాయి గనుక, ఓడ ప్రయాణం చేసిన పెద్దలు కొందరు ఇంకా మన మధ్య ఉండవచ్చు. వారి దగ్గర కూర్చుని అడిగి రాసుకోవలసిన పని మన పిల్లలది.

రోగుల కోసం కట్టిన గదులకు తాళం వేయడం సులువే కదా. 1948లో మలాయాలో ఎమర్జెన్సీ ప్రకటించిన తర్వాత సెయింట్ జాన్స్ మీద రాజకీయ ఖైదీలను ఉంచారు. తర్వాత సింగపూరు దేశాధ్యక్షుడైన దేవన్ నాయర్ కూడ 1951లో పట్టుబడి అక్కడ ఉన్నవారే. 1955లో నల్లమందు అలవాటు పడిన వారికి చికిత్స కేంద్రం పెట్టారు. 1975 నుంచి అది సెలవుల విడిది. ఒకే దీవి, ఒకే గదులు, నూరేళ్లలో ఇన్ని వేషాలు.

ఖైదీల దీవి మరొకటి ఉన్నది, పులావ్ సెనాంగ్. సెనాంగ్ అంటే మలాయిలో ‘హాయి’. 1960లో రహస్య ముఠాల వారిని అక్కడికి పంపి, గోడలు లేని జైలు, కష్టపడి పనిచేస్తే మనిషి మారతాడు అనే ఆశతో ఒక ప్రయోగం చేశారు. తుపాకులు లేని కాపలా. ఖైదీలే రోడ్లు, ఇళ్లు కట్టారు. 1963 జూలై 12న తిరగబడి, తాము కట్టిన వాటిని తామే తగలబెట్టి, సూపరింటెండెంటు డటన్‌నూ, అతని సిబ్బందిలో మరికొందరినీ చంపారు. 1965లో పద్దెనిమిది మందిని ఉరి తీశారు. ఆ ప్రయోగం తప్పా, నడిపిన తీరు తప్పా అని చాలామంది వాదించుకున్నారు. పని చేయించడంలో డటన్ కాఠిన్యం హద్దు దాటిందనే వారి మాటలో కొంత నిజం లేకపోలేదని మా అభిప్రాయం.

ఇక కిరసనాయిలు సంగతి. మన తాతల కాలంలో కిరసనాయిలు డబ్బాలలో వచ్చేది. ఖాళీ డబ్బా నీళ్లు తోడటానికీ, బియ్యం పోసుకోవటానికీ పనికి వచ్చేది గనుక దానికి నూనెకున్నంత గిరాకీ. ఓడల మీద కూడ ఆ డబ్బాలను చెక్కపెట్టెల్లో సర్ది తెచ్చేవారు. మార్కస్ శామ్యూల్ అనే లండను వర్తకుడికి, ఓడ కడుపులోనే నూనె పోసి తెస్తే ఖర్చు తగ్గుతుంది గదా అన్న ఆలోచన వచ్చింది. అయితే తెచ్చిన నూనెను దించుకోవటానికి రేవులో పెద్ద ట్యాంకులు కావాలి. నిప్పంటుకుంటే ఊరు తగలబడుతుందని సింగపూరు అధికారులు ఊళ్లో వద్దన్నారు. అందుకని ఊరికి మూడు మైళ్ల అవతల, రేవు హద్దు బయట ఉన్న బుకోం దీవిలో 1891లో ట్యాంకులు పెట్టారు. ఆ దీవిలో మంచినీళ్లు దొరికేవి, ఓడలవారు అక్కడ నీళ్లు పట్టుకునేవారు. 1892లో మ్యూరెక్స్ అనే ఓడ సుమారు 4000 టన్నుల కిరసనాయిలుతో సూయజు కాలువ దాటి వచ్చి బుకోంలో నూనె దించింది. సూయజు గుండా వచ్చిన మొదటి నూనె ట్యాంకరు ఓడ అదే. ఆ వ్యాపారమే 1897లో షెల్ కంపెనీ అయింది. 1961లో అదే దీవిలో సింగపూరులోకెల్లా మొదటి నూనెశుద్ధి కర్మాగారం తెరిచారు. 1974 జనవరి 31న నలుగురు సాయుధులు అక్కడ బాంబులు పేల్చి, లాజు అనే పడవను, అందులోని వారిని పట్టుకుని వారం రోజులు ప్రభుత్వాన్ని నిలబెట్టారు. ఊరికి దూరంగా పెట్టినంత మాత్రాన అపాయం తప్పదు గదా. 2025లో షెల్ వారు ఆ కర్మాగారాన్ని వేరే వారికి అమ్మివేశారు.

రాత్రిపూట ఓడలకు దారి చూపే రాఫెల్స్ దీపస్తంభం దక్షిణపు కొసన పులావ్ సతుము మీద ఉన్నది. 1854లో పునాది వేసి మరుసటి ఏడాది దీపం వెలిగించారు. కట్టుబడిలో మన దేశం నుంచి ద్వీపాంతర శిక్ష పడి వెళ్లిన ఖైదీల చెమట కూడ ఉన్నది. 1825లో సింగపూరుకు వచ్చిన మొదటి జట్టు మద్రాసు రాజధాని వారిది. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే.

సెంటోసా గురించి రెండు మాటలు చాలు. దాని పాత పేరు బ్లాకాంగ్ మాతి, ‘వెనుక మృత్యువు’ అని అర్థం. ఇంగ్లీషువారు కోటలు కట్టి ఫిరంగులు నిలిపిన దీవి అది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వారికి లొంగిన తర్వాత, సముద్రం మీద చంపి పడేసిన చైనీయుల శవాలు దాని ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 1970లలో ‘శాంతి’ అని అర్థం వచ్చే పేరు పెట్టి ఆటస్థలం చేశారు.

మనుషుల సంగతికి వద్దాము. సెమకావు, సెకింగ్, సుడోంగ్, బుకోం, బ్రానీ దీవుల మీద మలాయి ముస్లిం కుటుంబాలు ఉండేవి. నీళ్ల మీద కర్ర స్తంభాలు పాతి ఇళ్లు కట్టుకునేవారు. పోటు వస్తే ఇంటి కిందికి నీళ్లు, పాటు వస్తే బురద. చేపలు పట్టడము, కోలెక్ అనే సన్నని తెరచాప పడవల పందేలు, చిన్న నమాజు ఇల్లు, ఒడ్డునే కబరస్తాను. మగవారిలో కొందరు బుకోం కర్మాగారంలో పనికి పడవ మీద వెళ్లివచ్చేవారు. 1960ల నుంచి వరుసగా వీరిని పెద్ద దీవి మీదికి తరలించి ప్రభుత్వ ఫ్లాట్లు ఇచ్చారు. సెమకావు వారు 1970లలో వెళ్లిపోయారు. అందరికంటె చివర 1990ల మొదట్లో సెకింగ్ వారు కదిలారు. కుళాయి నీళ్లు, కరెంటు, ఆస్పత్రి, పిల్లలకు దగ్గరలో బడి దొరికిన మాట వాస్తవం. దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. కాని తొమ్మిదో అంతస్తులో ఉన్న ముసలివాడికి పోటు పాటుల లెక్క తెలిసి ఏం లాభం? పడవ ఎక్కడ కట్టుకుంటాడు?

వారు వెళ్లిన తర్వాత సెమకావు ఏమయిందో చూడండి. ఊరి మీది చివరి చెత్త దిబ్బ 1999 మార్చి 31న మూసి, మరునాడు, ఏప్రిల్ 1న, సెమకావు దిబ్బ తెరిచారు. రెండు దీవులను కలుపుతూ సముద్రంలో ఏడు కిలోమీటర్ల కట్ట పోసి, సుమారు 350 హెక్టార్ల జాగా చేశారు. చెత్తను ఊళ్లోనే కాల్చి, ఆ బూడిదను పడవల మీద తెచ్చి కట్ట లోపల పోస్తారు. నీళ్లు సముద్రంలోకి ఊరకుండా లోపల పొర పరిచారు. పనిలో దెబ్బతిన్న మడ చెట్లకు బదులు కొత్త మడ మొక్కలు నాటారు. అవి బతికాయి కూడ. పనితనం మెచ్చుకోవలసిందే. సెకింగ్ దీవి మాత్రం ఇప్పుడు వేరుగా లేదు, ఆ కట్ట లోపల కలిసిపోయింది. 2035 నాటికి ఆ జాగా కూడ నిండుతుందని వారి లెక్క. పడమర వైపున ఏడు దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి, 2000లో జురోంగ్ దీవి అని ఒక్కటిగా ప్రారంభించారు. రసాయన కర్మాగారాలన్నీ అక్కడే. మన జిల్లాల నుంచి వెళ్లి పైపు పని, వెల్డింగు పని చేసిన వారికి ఆ గేటు దగ్గరి పాసు తనిఖీ బాగా తెలుసు.

పూర్తిగా భక్తులకు మిగిలిన దీవి కూసు. మునిగిపోతున్న ఒక మలాయివాడినీ, ఒక చైనావాడినీ రక్షించటానికి తాబేలు దీవిగా మారిందని అక్కడి కథ. కింద చైనీయుల గుడి, గుట్ట మీద 152 మెట్లెక్కితే సయ్యద్ అబ్దుర్రహ్మాన్, ఆయన తల్లి, చెల్లెలి సమాధులు. మన దగ్గర కరామత్ అంటే మహిమ, అక్కడ ఆ మాటే మహిమగల సమాధికి పేరైంది. చాంద్రమానపు తొమ్మిదో నెలలో చైనీయులు వేలమంది వచ్చి గుడిలో మొక్కి, ఆ మెట్లు కూడ ఎక్కి వెళతారు. మన దర్గాల దగ్గర ఉరుసు చూసిన వారికి ఇది కొత్తగా ఉండదు. 2022 ఏప్రిల్‌లో నిప్పంటుకుని ఆ సమాధుల కట్టడాలు బాగా దెబ్బతిన్నాయి.

సభ్యులెవరైనా సింగపూరు వెళితే మెరీనా సౌత్ రేవు నుంచి సెయింట్ జాన్స్‌కు, కూసుకు పడవ ఉన్నది, ఒక పూట చాలు. సెమకావుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. బుకోం, జురోంగ్ దీవులకు పాసు లేకుండా పోనివ్వరు. సెనాంగ్, పవాయ్, సుడోంగ్ దీవుల మీద సైన్యం గుండ్లు పేల్చి అభ్యాసం చేస్తుంది. అక్కడికి ఎవరినీ దిగనివ్వరు.