మన వార్డుల హద్దులు – ఒక చిన్న చరిత్ర

సంచికకు చరిత్ర మీద ఏదైనా రాసివ్వమని కార్యవర్గం వారు అడిగినారు. కుతుబ్‌షాహీల గురించో, అసఫ్‌జాహీల గురించో రాస్తామని చాలామంది అనుకొని ఉంటారు. కాని మేము పంచాయతీ ఆఫీసు గోడకు అంటించే ఒక కాగితం చరిత్ర రాయదలచినాము. ఆ కాగితం పేరు వార్డుల విభజన ముసాయిదా. పాల్మాకులలో గాని, శంషాబాదు చుట్టుపక్కల ఊళ్లలో గాని దాన్ని నిలబడి చదివేవారు ఎందరు?

నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న ప్రాంతాన్ని అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. అది నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫె ఖాస్ కింద ఉండేది. ఊళ్లో పెత్తనం పటేలు, పట్వారీలది. ఓటు లేనప్పుడు ఓటుకు హద్దు ఎందుకు? సర్ఫె ఖాస్ 1949లో ప్రభుత్వంలో కలిసింది. తరువాత ఓట్లు, పంచాయతీలు వచ్చినవి.

బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో ఇచ్చిన నివేదికను అనుసరించి రాజస్థాన్‌లోని నాగౌర్‌లో 1959 అక్టోబరు 2న పంచాయతీరాజ్ మొదలైంది. అదే నెల 11న నెహ్రూగారు మన బెంగుళూరు రోడ్డు మీద ఉన్న షాద్‌నగర్‌లోనే ఆంధ్రప్రదేశ్ మొదటి పంచాయతీ సమితిని ప్రారంభించినారు. దేశ చరిత్రలో ఇంత పెద్ద సంగతి మన పక్కనే జరిగినా మన పిల్లలకు తెలియదు. ఆనాటి సమితిలో సభ్యులు ముఖ్యంగా సర్పంచులే. అందుచేత సమితి కోసం వేరే గీత గీయవలసిన పని లేదు, ఊరి పొలిమేరే హద్దు.

1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 1985లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం తాలూకాలు తీసివేసి వెయ్యికి పైగా చిన్న మండలాలు పెట్టింది. 1987 ఎన్నికలలో మండలాధ్యక్షుణ్ణి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ఆ ఎన్నికకు మండలమంతా ఒకే నియోజకవర్గం.

అసలు గీతల కథ 73వ రాజ్యాంగ సవరణతో మొదలైంది. అది 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. జనాభాకూ సీట్లకూ మధ్య నిష్పత్తి సాధ్యమైనంతవరకు ఒకేలా ఉండాలని అందులో ఉన్నది. దాని ప్రకారం 1994లో వచ్చిన చట్టం మండలాన్ని 3,000 నుంచి 4,000 జనాభాకు ఒక ప్రాదేశిక నియోజకవర్గం చొప్పున విడదీయమన్నది. దీనినే మనం ఎం.పి.టి.సి. అంటున్నాము. మండలమంతా కలిపి ఒక జెడ్.పి.టి.సి. గ్రామ పంచాయతీలో జనాభాను బట్టి 5 నుంచి 21 వరకు వార్డులు. 2019లో తెలంగాణలో 5,817 ఎం.పి.టి.సి. స్థానాలు, 538 జెడ్.పి.టి.సి. స్థానాలు ఉండినవి.

మరి గీత ఎట్లా గీస్తారు? జనగణన లెక్క తీసుకొని, ఇండ్ల వరుస చూసి, అధికారులు ముసాయిదా తయారుచేస్తారు. దానిని ప్రకటించి అభ్యంతరాలు అడుగుతారు. వాటిని పరిశీలించిన మీదట తుది జాబితా వేస్తారు. ఈ గడువు చాలా కొద్ది రోజులు. నియోజకవర్గాల విభజన చట్టాలను కోర్టులో ప్రశ్నించరాదని రాజ్యాంగంలోని 243-ఓ అధికరణం చెబుతున్నది. అంటే ముసాయిదా రోజుల్లో నోరు విప్పనివాడికి తరువాత దారి దాదాపు మూసుకుపోయినట్లే.

మాకు తెలిసిన ఒక ఊళ్లో మసీదు గల్లీకి అటూ ఇటూ ఉన్న ఇండ్లు రెండు వార్డుల్లో పడ్డాయి. ఎవరో కుట్ర చేసినారని మనవాళ్లు అన్నారు. మేము విచారించి చూస్తే, ఇంటి నంబర్ల వరుసను బట్టి గీత గల్లీ మధ్యగా పోయింది, అంతే. అభ్యంతరం ఒక్కటీ వెళ్లలేదు. కాగితం తెలుగులో ఉన్నది, మన బుజుర్గులకు వచ్చింది ఉర్దూ. చదివి చెప్పవలసిన మావంటి మాస్టర్లమూ చెప్పలేదు. ఆ తప్పులో మాకూ భాగం ఉన్నది.

ఇంగ్లండులో కౌంటీల డివిజన్లు గీసేందుకు ప్రభుత్వంతో సంబంధం లేని ప్రత్యేక కమిషన్ ఉన్నది. ఏ డివిజన్‌లోనైనా ఓటర్ల సంఖ్య సగటుకు 30 శాతానికి మించి తేడా వస్తే తిరిగి పరిశీలన చేపట్టవచ్చు. మన దగ్గర 2008లో విమానాశ్రయం వచ్చినాక ఎన్ని కుటుంబాలు కదిలినవో, ఎన్ని కొత్తగా వచ్చి చేరినవో మనకు తెలుసు. కాని 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2011 లెక్కలతోనే పని నడిచింది. 2025 డిసెంబరులో శంషాబాదు పురపాలక సంఘాన్ని గ్రేటర్ హైదరాబాదులో కలిపి, నగర వార్డులను 150 నుంచి 300కు పెంచే ముసాయిదా వేసినప్పుడు వేలాది అభ్యంతరాలు వెళ్లినవి. చదివిన జనం అడుగుతారనడానికి అదే నిదర్శనం.

మన ఇండ్లన్నీ ఒకే వార్డులో ఉండాలని మేము అనడం లేదు. ఒకే వార్డులో ఉంటే మనవాడు ఒకడు గెలవవచ్చు, రెండింట్లో ఉంటే ఇద్దరు మెంబర్లు మన గడపకు రావచ్చు. ఏది మేలో ఊరివాళ్లు కూర్చొని, ఇరుగుపొరుగు హిందూ సోదరులతో కలిసి మాట్లాడుకోవాలి. మండల పరిషత్తులో అల్పసంఖ్యాకుల నుంచి ఒకరిని, జిల్లా పరిషత్తులో ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకొనే ఏర్పాటు 1994 చట్టంలోనే ఉన్నది. కాని అది ఇతరులు పిలిచి ఇచ్చే కుర్చీ. మన వార్డు ఓటు మనది.

కాబట్టి మా మనవి ఒక్కటే. ముసాయిదా వేసిన రోజున ప్రతి ఊరి నుంచి చదువుకున్న పిల్లలు ఇద్దరు వెళ్లి దానిని రాసుకొని రావాలి. జుమా నమాజు తరువాత దానిని ఉర్దూలో చదివి వినిపించే బాధ్యత మావంటి ఉపాధ్యాయులది. ఈసారి ఆ బాధ్యత తప్పమని ఈ సంచిక ముఖంగా మాట ఇస్తున్నాము.