అశోకుని చరిత్ర వ్రాసేవారి బాధ్యత

గతకాలపు పాలకుల చరిత్ర వ్రాయడంలో ద్వేషం కంటె అభిమానమే ఎక్కువ ప్రమాదకరమని మా అనుభవం. ద్వేషంతో వ్రాసిన మాటను పాఠకుడు వెంటనే పసిగడతాడు. అభిమానంతో దాచిన మాట మాత్రం దాగియే ఉంటుంది. బుద్ధ ధమ్మాన్ని గౌరవించే మాకు ఈ పరీక్ష అశోక చక్రవర్తి విషయంలో ఎదురవుతుంది.

అశోకుని మాటలను నేరుగా చదివే అవకాశం చాలా ఆలస్యంగా లభించింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించేంతవరకు ఆయన పురాణాల రాజవంశ పట్టికలలో ఒక పేరుగా, బౌద్ధ కథలలో ఒక నాయకునిగా మాత్రమే మిగిలి ఉన్నాడు. శాసనాలలో 'దేవానాంపియ', 'పియదసి' అని చెప్పుకొన్న రాజు అశోకుడేనని 1915లో వెలుగు చూసిన మస్కి శాసనం నిస్సందేహంగా ధ్రువపరచింది.

కథలకూ శాసనాలకూ పొంతన కుదరని చోట్లున్నాయి. అశోకుడు 99 మంది సోదరులను చంపించి రాజ్యం చేపట్టాడని సింహళ గ్రంథమైన మహావంశం చెబుతుంది. కాని పట్టాభిషేకం తరువాత 13వ ఏట నియమించిన ధర్మమహామాత్రులు తన సోదరుల, సోదరీమణుల గృహాలలో కూడ పనిచేస్తున్నారని 5వ శిలాశాసనంలో రాజే చెప్పాడు. సింహాసనం కోసం రక్తపాతం జరగనే లేదని దీనివల్ల తేలదు. అయితే 99 అనే సంఖ్యను చరిత్రగా స్వీకరించడం కష్టం. ఆ కథను భద్రపరచినవారు పరమతస్థులు కారు, మన పరంపరకు చెందిన భిక్షువులే. పూర్వపు చండాశోకుడు ఎంత క్రూరుడైతే ధమ్మ మహిమ అంత అధికంగా కనబడుతుందని వారు తలచి ఉండవచ్చు. ఉద్దేశం మంచిదే అయినా, నిరూపణ లేని హత్యలు ఒక మనిషి నెత్తిన పడ్డాయి.

శాసనాలైనా ప్రశ్నించకుండా స్వీకరించదగినవి కావు. కళింగ యుద్ధంలో 1,00,000 మంది హతులయ్యారనీ, 1,50,000 మందిని చెరపట్టి తరలించారనీ, అంతకు ఎన్నో రెట్లు మంది మరణించారనీ చెప్పి, 13వ శిలాశాసనం పశ్చాత్తాపం ప్రకటిస్తుంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఈ శాసనం ఉంది. కళింగంలోని ధౌలి, జౌగడ బండలపై లేదు. అక్కడ ప్రజలందరూ తన బిడ్డలేనని చెప్పే ప్రత్యేక శాసనాలను చెక్కించారు. గాయపడిన ప్రజల ఎదుట ఆ లెక్క చెప్పడానికి రాజు వెనుకాడాడా, లేక వారిని ఓదార్చదలచాడా? రెండింటికీ అవకాశముంది.

అదే 13వ శాసనంలో అటవీ ప్రజలకు ఒక హెచ్చరిక కూడ ఉంది. తాను పశ్చాత్తాపపడుతున్నా, శిక్షించే శక్తి తనకున్నదని రాజు వారికి గుర్తుచేశాడు. 4వ స్తంభశాసనం మరణశిక్ష పడినవారికి 3 రోజుల గడువు ఇచ్చిందే గాని ఆ శిక్షను రద్దు చేయలేదు. ప్రశంసా వ్యాసాలు ఈ అంశాలను తరచు వదిలివేస్తాయి. మేమూ ఒకప్పుడు వదిలినవారమే.

వీటిని చెప్పినంత మాత్రాన అశోకుడు చిన్నవాడు కాడు. యుద్ధంలో గెలిచిన రాజు తన దండయాత్ర మిగిల్చిన మరణాలను తానే రాతిపై చెక్కించాడు. తన తప్పును తానే ప్రకటించినవానికి మనం కప్పిపుచ్చే సేవ చేయనవసరం లేదు.

ఆయన సారనాథ సింహశీర్షం 1950 జనవరి 26న గణతంత్ర భారత రాజ్యచిహ్నమైంది. 1956 అక్టోబరు 14న, అశోక విజయదశమి నాడు, డాక్టర్ అంబేద్కర్ నాగపూరులో బౌద్ధ దీక్ష స్వీకరించారు. ఇంతటి గౌరవం పొందిన నాయకుని గురించి పూర్తి సత్యం చెప్పడానికి మనమే జంకితే, ఆ పేరును ఎవరికి తోచినట్లు వారు వాడుకొంటారు. సమ్యక్ వాక్కు అష్టాంగ మార్గంలో ఒక అంగం. చరిత్ర వ్రాసే కలానికి కూడ అది వర్తిస్తుందని మా విశ్వాసం.