వాల్టర్ ప్లోరైట్

వాల్టర్ ప్లోరైట్ (1923–2010) పశువుల అంటువ్యాధులపై పరిశోధించిన బ్రిటిష్ పశువైద్య శాస్త్రవేత్త. ముసర వ్యాధికి ఆయన తయారుచేసిన టీకా ఆ రోగ నిర్మూలనకు ప్రధాన ఆయుధమైంది. మశూచి తర్వాత లోకంలోంచి పూర్తిగా పోయిన రెండో వ్యాధి ఇదే.

లింకన్‌షైర్‌లో పుట్టిన ప్లోరైట్ 1944లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. సైన్యం పశువైద్య దళంలో చేరి కెన్యా వెళ్లారు. తర్వాత ఆ దేశంలోనే, ముగుగా పరిశోధనశాలలో, ఆయన ముఖ్యమైన పని చాలావరకు జరిగింది.

ముసర వైరస్, మనుషుల్లో తట్టు తెచ్చే వైరస్ ఒకే ప్రజాతికి చెందినవి. జ్వరం, నోట్లో పుండ్లు, ఆగని పారుడుతో పశువు రోజుల్లోనే కూలిపోతుంది. 1890ల్లో ఈ రోగం ఆఫ్రికా మందలను తుడిచిపెట్టింది. ఇథియోపియాలో ఘోరమైన కరువుకు దారితీసింది. మేకల్లో పెంచి బలహీనపరిచిన పాత టీకా కొన్ని జాతుల పశువులకు పడేది కాదు.

పోలియో పరిశోధకులు వాడిన కణవర్ధన పద్ధతిని ప్లోరైట్ అందిపుచ్చుకున్నారు. ఆర్.డి. ఫెరిస్‌తో కలిసి ‘కబేటె ఓ’ అనే వైరస్ రకాన్ని దూడ మూత్రపిండ కణాల్లో ఒక తరం నుంచి మరో తరానికి సుమారు 90 మార్లు పెంచారు. ఆ క్రమంలో వైరస్ రోగం తెచ్చే శక్తిని పోగొట్టుకుంది, రోగనిరోధకతను రేపే గుణం మాత్రం నిలుపుకుంది. ఈ ఫలితాలు 1962లో వెలువడ్డాయి. చవకైన ఆ టీకా ఒక్క డోసుతో దీర్ఘకాలం కాపాడేది, చూడి ఆవులకూ వేయగలిగేవారు. ఎండకు చెడిపోవడమే దాని లోపం. వేడిని తట్టుకునే రూపాన్ని తర్వాత జెఫ్రీ మారినర్ రూపొందించారు.

వైరస్ ఏ జంతువులో దాగుతుందన్నది ప్లోరైట్‌ను వదలని ప్రశ్న. పశువులను చంపే మాలిగ్నెంట్ కటారల్ జ్వరానికి కారణమైన వైరస్‌ను వైల్డెబీస్ట్‌లలో 1960లో గుర్తించారు. టాంజానియాలో అడవిపందుల బొరియల్లో సేకరించిన పిడుదుల్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్‌ను సహచరులతో కలిసి కనుగొన్నారు. ఆ పరిశోధన 1969లో అచ్చయింది. 1981లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1999లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు.

భారతదేశంలో ముసర చివరిసారి 1995లో కనిపించింది. 2011లో ప్రపంచం దాన్నుంచి విముక్తమైందని ప్రకటించారు. ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ సంస్థ తన దగ్గరున్న వైరస్ నమూనాల జన్యుక్రమాలను నమోదుచేసి, 2019లో నిల్వలను ధ్వంసం చేసింది.

ముసర వైరస్ ప్రజాతికే చెందిన మరో వైరస్ గొర్రెలు, మేకలకు పారుడు వ్యాధి (పీపీఆర్) తెస్తుంది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి రెండు స్థానాల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడి కాపరులకు ఇది సొంత సమస్య. దీనికి భారతీయ శాస్త్రవేత్తలు తయారుచేసిన ‘సుంగ్రి 96’ టీకా కూడా, వైరస్‌ను కణాల్లో పదేపదే పెంచి బలహీనపరిచిందే. ఈ వ్యాధిని 2030కల్లా నిర్మూలించాలన్నది అంతర్జాతీయ లక్ష్యం.