మదీనా ఖర్జూరం, ఉద్దానం కొబ్బరిబొండం
రోగి మిత్రునికి పథ్యం చెప్పటంలో చరిత్ర నేర్పే పాఠం

రోగిని పరామర్శించటం ఒక ముస్లింపై మరొక ముస్లింకు గల హక్కులలో ఒకటన్న సంగతి అందరికీ తెలిసిందే. అయితే పరామర్శకు వెళ్ళేవాని చేతిలో ఏమున్నది, నోట ఏ మాట ఉన్నది అన్నది కూడా ఆలోచించదగిన విషయమే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ ప్రశ్న ప్రాణాలతో ముడిపడి ఉన్నది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో వ్యాపించిన ఈ సీమ కొబ్బరికీ, జీడికీ, పనసకూ పెట్టింది పేరు. కొన్ని దశాబ్దాలుగా ఇక్కడ మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. నీటిని, నేలను, పురుగుమందులను పరిశీలించిన పరిశోధకులకు సర్వామోదమైన ఒకే కారణం ఇంతవరకు దొరకలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే సమయంలో హిరమండలం జలాశయం నుండి మంచినీటి పథకం కూడా అందుబాటులోకి వచ్చింది. కనుక ఈ రోగులను చూసి “తిండి వల్లనే తెచ్చుకున్నారు” అనటం అన్యాయం. కాని వ్యాధి సోకిన తరువాత తిండి ప్రాణం నిలపగలదు, తీయనూ గలదు. దెబ్బతిన్న మూత్రపిండాలు పొటాషియంను బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకొని గుండె లయను తప్పిస్తుంది. కొబ్బరినీళ్ళలో ఆ లవణం అధికం. అంటే, ఉద్దానంలో అత్యంత ప్రేమతో చెట్టు దింపి తెచ్చే కొబ్బరిబొండమే ఆ రోగికి అపాయం కావచ్చు.

ఇటువంటి ఘట్టమే మదీనాలో జరిగింది. హజ్రత్ అలీ (రజి) జబ్బుపడి అప్పుడే కోలుకుంటున్నారు. దైవప్రవక్త (స) ఆయనను వెంటబెట్టుకొని ఉమ్ముల్ ముంజిర్ (రజి) ఇంటికి వెళ్ళారు. అక్కడ ఖర్జూరపు గెలలు వ్రేలాడుతున్నాయి. దైవప్రవక్త (స) వాటిని తినసాగారు. అలీ (రజి) కూడా చేయి చాచగా, నీవింకా నీరసంగా ఉన్నావంటూ ఆయన వారించారు. ఆ ఇల్లాలు బార్లీని, ఒక ఆకుకూరను వండి తెచ్చినప్పుడు, ఇది నీకు ఎక్కువ అనుకూలమని చెప్పి అలీ (రజి)ను తినమన్నారు. అబూదావూద్, తిర్మిజీ హదీసు సంకలనాలలో ఈ ఉదంతం కలదు.

ఇందులో మూడు విషయాలు గమనార్హం. వారించినవాడు పరాయివాడు కాదు, అత్యంత ఆప్తుడు. వారించటంతో ఆగలేదు, తినదగినది ఎదుటికి వచ్చింది. మూడవది, ఖర్జూరం చెడ్డదని అనలేదు. ఈ స్థితిలో ఉన్న ఈ మనిషికి ఏది తగునో చెప్పారు.

మరొక ఉదంతం ఇబ్నెమాజా సంకలనంలో ఉన్నది. కండ్లకలకతో బాధపడుతున్న సుహైబ్ (రజి) ఖర్జూరాలు తింటున్నారు. కంటిజబ్బుతో ఇవి తింటున్నావా అని దైవప్రవక్త (స) అడుగగా, తాను రెండవవైపున నములుతున్నానని సుహైబ్ (రజి) బదులిచ్చారు. దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వారు. పథ్యం తప్పినవాడు చెప్పే సాకులు మనమూ వింటాము. “ఈ ఒక్కపూటే”, “ముక్క తీసేసి రసమే పోసుకున్నాను” అంటారు. అక్కడ ప్రశ్న ఉన్నది, చిరునవ్వు ఉన్నది; అవమానం లేదు.

ముస్లిం వైద్యులు ఈ విషయాన్ని ఒక శాస్త్రంగా పెంపొందించారు. గ్రీకు వైద్యాన్ని అరబ్బీలోకి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్ అనే క్రైస్తవ పండితుడు. ఆహారంతో నయమయ్యే చోట ఔషధం జోలికి పోరాదన్నది రాజీ మార్గం. 11వ శతాబ్దంలో బాగ్దాదుకు చెందిన ఇబ్నె బుత్లాన్ పదార్థాల గుణదోషాలను పట్టికలుగా కూర్చాడు. ఆ గ్రంథం లాటిన్‌లోకి అనువాదమై యూరప్ అంతటా వ్యాపించింది. 14వ శతాబ్దంలో ఇబ్నుల్ ఖయ్యిమ్ పై రెండు ఉదంతాలనూ వివరించాడు. రోగి మనసు గాఢంగా కోరినదాన్ని కొద్దిగా ఇస్తే ఒక్కోసారి మేలేనని కూడా వ్రాశాడు. మన ఇళ్ళలో “పర్హేజ్” అన్నా, పొరుగింట “పథ్యం” అన్నా భావమొక్కటే.

ఇక్కడ ఒక పొరపాటుకు తావున్నది. మదీనాలో బార్లీ, ఆకుకూర పెట్టారు కనుక ప్రతి రోగికీ అవే పెట్టాలనుకోవటం ఆ హదీసు సారాన్ని విస్మరించటమే. ఆకుకూరలలోనూ, ఖర్జూరంలోనూ పొటాషియం ఎక్కువే. విజయనగరం పల్లెల్లో తాతలనాటి చోడి అంబలి, గంటిజావ మధుమేహ రోగికి తెల్లన్నం కంటే మేలు కావచ్చు, మూత్రపిండాల రోగికి మాత్రం అవి కూడా వైద్యుణ్ణి అడిగి తాగవలసినవే. రక్తపరీక్షలు చూసిన వైద్యుడే కొలత చెప్పాలి. ఆ కొలతను రోగి పాటించేటట్లు తోడుండటం మిత్రుని పని.

అది ఎట్లా? బొండం కొనే ముందు ఇంటివారిని అడగండి. రోగి వస్తున్న విందులో ఉప్పు తగ్గించిన కూర ఒకటి అందరికీ వడ్డించండి. అతనికి వేరే పళ్ళెం పెట్టి వెలివేయకండి. ఆవకాయ, ఉప్పుచేప అతని ఎదుట పెట్టి “నీకు వద్దులే” అనకండి. రోగులను తినమని బలవంతపెట్టవద్దన్న ప్రవక్త (స) ఉపదేశాన్ని కూడా మరువకండి. రంజాన్‌లో ఉపవాసం వల్ల హాని కలుగుతుందని వైద్యుడు చెప్పిన రోగిని వేలెత్తి చూపకండి. రోగికి ఆ సడలింపును దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరాలోనే ఇచ్చింది.

శ్రీకాకుళం పట్టణంలో 17వ శతాబ్దంలో ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉన్నది. జుమా నమాజు ముగిశాక ఇటువంటి మసీదుల మెట్లపై మిత్రులు ఒకరి యోగక్షేమాలు ఒకరు అడుగుతారు. “ఏమి తిన్నావు?” అన్న మామూలు ప్రశ్నను ఆనాడు మదీనాలో అడిగినంత ప్రేమతో అడగగలిగితే, ఆ పరామర్శ నిజమైన పరామర్శ అవుతుంది.