డ్రైవర్ లేని కారు రాత్రిపూట ఎక్కడ ఉంటుంది?

డ్రైవర్ లేని కారు అనగానే అందరం అడిగేది ఒక్కటే: "ఎవర్నీ గుద్దకుండా నడుస్తుందా?" ఇవాళ నేను ఇంకో ప్రశ్న అడుగుతా. నడవనప్పుడు అది ఎక్కడ ఉంటుంది? ఛార్జింగ్ ఎవరు పెడతారు? ఇదేం కొత్త ప్రశ్న కాదు. 1897లో న్యూయార్క్‌లోనే ఎదురైంది.

ఆ ఏడాది హెన్రీ మోరిస్, పెడ్రో సాలమ్ అనే ఇద్దరు అక్కడ బ్యాటరీ క్యాబ్‌లు దించారు. అప్పటికి రోడ్ల మీద ఎటు చూసినా గుర్రపు బండ్లే. ఆ వ్యాపారమే తర్వాత 'ఎలక్ట్రిక్ వెహికల్ కంపెనీ' అయింది. గమనించండి, జనానికి వీళ్లు అమ్మింది కారు కాదు, రైడ్. కారు, బ్యాటరీ, షెడ్డు అన్నీ కంపెనీవే. ఇప్పటి రోబోటాక్సీ లెక్క కూడా ఇదే కదా!

చిక్కల్లా బ్యాటరీతోనే. ఒక్కోటి 450 కిలోల పైమాటే, ఛార్జ్ అవ్వాలంటే గంటలు పడుతుంది. అంతసేపు క్యాబ్ ఖాళీగా ఉంటే డబ్బులెలా వస్తాయి? అందుకే బ్రాడ్‌వేలో పాత స్కేటింగ్ రింక్‌ని స్టేషన్‌గా మార్చారు. క్యాబ్ లోపలికి రాగానే అయిపోయిన బ్యాటరీని క్రేన్‌తో తీసి, నిండినది పెట్టేవాళ్లు. నిమిషాల్లో పని పూర్తి. బ్యాటరీ అక్కడ ఛార్జ్ అవుతుంటే, క్యాబ్ మళ్లీ రోడ్డెక్కేది. పార్కింగ్, ఛార్జింగ్, రిపేరు అన్నీ ఒకే కప్పు కింద. 1899లో జేకబ్ జర్మన్ అనే డ్రైవర్‌ని గంటకు 19 కిలోమీటర్ల స్పీడ్‌తో వెళ్లాడని అరెస్ట్ చేశారు. అతను నడిపింది ఈ కంపెనీ క్యాబే!

మరి ఎందుకు మూతపడింది? తొందరపడి వేరే ఊళ్లకి విస్తరించారు. గతుకుల రోడ్లకి, సరైన మెయింటెనెన్స్ లేక బ్యాటరీలు పాడయ్యాయి. దానికి తోడు డబ్బు వ్యవహారాల్లో పేరు పోయింది. 1907లో దివాలా. నాకు అర్థమైందేంటంటే, బండిని తయారుచేయడం కన్నా దాన్ని రోజూ చూసుకోవడమే కష్టమైంది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2020లో వేమో కంపెనీ ఫీనిక్స్ ప్రాంతంలో డ్రైవర్ లేని టాక్సీలని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎలక్ట్రిక్ జాగ్వార్లు దించింది. 2024లో అక్కడ ఒక పార్కింగ్ స్థలంలో ఏం జరిగిందో తెలుసా? తెల్లవారుజామున చేరిన కార్లు ఒకదాన్ని చూసి ఒకటి హారన్ కొట్టుకున్నాయి! చుట్టుపక్కల వాళ్లకి నిద్ర లేదు. డ్రైవర్లుంటే "నువ్వు పో అన్నా" అని చెయ్యి ఊపేవాళ్లు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. ఇంకో మాట, కారు తనంతట తానే డిపోకి వస్తుంది గానీ, ప్లగ్ పెట్టేది ఇంకా మనిషే.

పార్కింగ్ ఫీజు సంగతి కూడా చూద్దాం. 1935లో ఓక్లహోమా సిటీలో మొదటి పార్కింగ్ మీటర్ పెట్టారు, గంటకి 5 సెంట్లు. డ్రైవర్ లేని కారుకి ఆ ఫీజు కట్టే బదులు ఊరికే తిరగడమే చవకైతే? 2019లో ఆడమ్ మిలార్డ్-బాల్ అనే పరిశోధకుడు ఇదే లెక్క కట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కో డౌన్‌టౌన్‌లో అలాంటి 2,000 కార్లు తిరిగితే చాలు, ట్రాఫిక్ వేగం గంటకి 3 కిలోమీటర్లకి పడిపోవచ్చట. అంటే మన నడక కంటే తక్కువ!

మనకెందుకు ఇదంతా అంటారా? సంగారెడ్డి దగ్గర కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల కోసం టిహాన్ టెస్ట్ ట్రాక్ 2022లోనే మొదలైంది. రేపు ఈ కార్లు మన రోడ్ల మీదకి వస్తే, డిపోకి స్థలం ఎవరిది? కరెంటు లైన్ ఖర్చు ఎవరిది? పక్కింటి వాళ్ల నిద్ర సంగతేంటి? ఖాళీగా తిరిగే కారుకి రోడ్డు ఫీజు ఉండాలా వద్దా? ఇవన్నీ కార్లు వచ్చాక కాదు, రాకముందే తేల్చుకోవాలి.

మీ ఊళ్లో అయితే ఆ డిపో ఎక్కడ పెట్టాలంటారు? కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!