మన అర్జీలో గుర్రం ఎక్కడ?

ఉద్యోగం కోసం పెట్టే కాగితాన్ని తెలుగులో దరఖాస్తు అంటాం. ఊళ్లో పెద్దవాళ్లు అర్జీ అంటారు. రెండూ మన ఇంటి మాటలే. ఫార్సీ 'దర్‌ఖ్వాస్త్' తెలుగులో దరఖాస్తు అయింది, అరబీ 'అర్జ్' అర్జీ అయింది. కానీ అర్జీ అనగానే మన దిల్లో మెదిలేది చేతులు జోడించి నిలబడ్డ మనిషి. 'అర్జ్' అసలు మానే అది కాదు. ముందు పెట్టడం, చూపించడం అని దానర్థం. ముషాయిరాలో షాయర్ 'అర్జ్ కియా హై' అంటే భిక్ష అడుగుతున్నట్టా? తన కలామ్‌ని మన ముందు పెడుతున్నాడు.

ఢిల్లీ సుల్తానుల కాలంలో ఈ మాట పేరుతోనే ఒక పెద్ద మహకమా ఉండేది. దీవానె అర్జ్ అనేవారు. ఫౌజులో భర్తీ, తనిఖీ దాని పని. దాని అధికారి ఆరిజె మమాలిక్. సిపాయి వచ్చి తన గుర్రాన్ని, ఆయుధాన్ని చూపించాలి. అదే అర్జ్. 1296 నుంచి 1316 దాకా ఏలిన అలావుద్దీన్ ఖిల్జీ కాలంలో సిపాయి హులియా రిజిస్టర్లో రాసేవారు, గుర్రానికి దాగ్, అంటే ముద్ర, వేసేవారు. ఒకరి గుర్రాన్ని ఇంకొకరు తెచ్చి చూపించకుండా ఈ బందోబస్తు. ఆ తర్వాత 1330లలో హిందుస్తాన్ వచ్చిన ఇబ్నె బతూతా ముల్తాన్‌లో భర్తీ ఎలా జరిగేదో రాశాడు. విలుకాడిగా చేరతానన్నవాడికి విల్లు ఇచ్చి లాగమనేవారు. ఎంత గట్టి విల్లు లాగితే అంత తన్‌ఖా. ఆ మైదానంలో ఎవరూ తమ గరీబీ కథ చెప్పుకోలేదు. విల్లు లాగి చూపించారు.

మరి అర్జీకి ఈ బతిమాలే రంగు ఎప్పుడు అంటింది? మొగల్ దర్బారు నాటికి కలం పట్టి బతికే మున్షీల తబ్కా పెద్దదైంది. ఖత్ రాయడం ఒక ఇల్మ్, దాని పేరు ఇన్షా. షాజహాన్ కొలువులో పేరుపొందిన మున్షీ చందర్ భాన్ బ్రాహ్మణ్. ఆయన తన కొడుక్కి మున్షీగిరీ ఎలా నేర్చుకోవాలో చెబుతూ రాసిన ఖత్ నేటికీ ఉంది. 17వ శతాబ్దంలోనే హర్‌కరణ్ అనే మరో మున్షీ నమూనా ఖత్‌లతో ఒక కితాబు రాశాడు. ఫార్సీ దఫ్తర్ పని నేర్చుకోవాల్సి వచ్చిన కంపెనీ అంగ్రేజుల కోసం 1781లో కలకత్తాలో దాన్ని ఇంగ్లిష్ తర్జుమాతో అచ్చు వేశారు. ఇవాళ పిల్లలు ఇంటర్నెట్‌లో వెతికే శాంపిల్ లెటర్ మన దగ్గర ఎంత పాతదో చూడండి.

పెద్దవాళ్లకు పెట్టుకునే అర్జ్‌దాష్త్‌కి ఒక తర్తీబ్ ఉండేది. మొదట అల్కాబ్, అంటే ఎదుటివాడి బిరుదులు. తర్వాత ఆదాబ్. తర్వాత ముద్దఆ, అసలు సంగతి. చివర దుఆ, కింద 'ఫిద్వీ' అనో 'కమ్తరీన్' అనో సంతకం. ఒక్క మనిషి మర్జీ మీద రోజీ ఆధారపడిన చోట అల్కాబ్ పెరుగుతూ పోయింది, ముద్దఆ చిక్కిపోయింది. కంపెనీ దఫ్తర్లలో కూడా నౌకరీ దొరుకుతుందనే ఆశతో జీతం లేకుండా పనిచేసే కుర్రాళ్లు ఉండేవారు. వాళ్లని ఉమ్మీద్‌వార్‌లు అనేవారు. ఉమ్మీద్ పెట్టుకున్నవాడు అని మానే. ఉర్దూలో ఇప్పటికీ అభ్యర్థికి అదే మాట.

ఈ తర్తీబ్‌ని లోపలి నుంచి విరగ్గొట్టినవాడు మీర్జా గాలిబ్. అర్జీల కష్టం ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. పెన్షన్ దావా కోసం కలకత్తా దాకా వెళ్లాడు, 1828లో అక్కడికి చేరాడు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కాగితాలు పెడుతూనే ఉన్నాడు. ఢిల్లీ కాలేజీలో ఫార్సీ ఉస్తాద్ నౌకరీ మాట 1842లో వచ్చింది. నెలకు వంద రూపాయలు. సెక్రటరీ థామ్సన్ సాహెబ్‌ని కలవడానికి గాలిబ్ పాల్కీలో వెళ్లాడు. దర్బారుకి వచ్చినప్పటిలా సాహెబ్ బయటికొచ్చి ఇస్తిక్‌బాల్ చేస్తాడని ఆగాడు. నౌకరీ కోసం వచ్చినవాడికి ఆ మర్యాద వర్తించదన్నారు. ఉన్న ఇజ్జత్ పెరుగుతుందనే నౌకరీ కోరాను, తగ్గడానికి కాదని చెప్పి వెనక్కి మరిలాడు. ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 'ఆబె హయాత్'లో రాసిన ముచ్చట ఇది. నెల గడవాల్సిన మన పిల్లలకు అంత ఖుద్దారీ కుదరదు, నిజమే. వాళ్లు గాలిబ్ ఉర్దూ ఖత్‌ల దారి పట్టవచ్చు. ఆయన అల్కాబ్-ఆదాబ్ బరువు దించేసి, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు రాశాడు. ఆయన చనిపోయిన 1869లోనే ఆ ఖత్‌లు 'ఉర్దూఎ ముఅల్లా'గా అచ్చయ్యాయి.

ఇక మన ఇలాకా. హైదరాబాద్ రియాసత్‌లో 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ సర్కారీ జబాన్ అయింది. 1918లో ఉర్దూ మీడియంతో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. చక్కని ఉర్దూలో దరఖాస్తు రాయగలిగితే తహసీల్ కచేరీ దర్వాజా తెరుచుకునే రోజులవి. 1948 తర్వాత చాలామంది ముసల్మాన్ ముlాజిమ్‌ల నౌకరీలు పోయాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక దఫ్తర్ల జబాన్ ఇంగ్లిష్, తెలుగు. ముత్యాల్లాంటి అక్షరాలు రాసే తాతల మనవళ్లు అర్జీ కోసం కోర్టు ముందున్న టైపింగ్ షాపుకి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ దొరికింది 'అయ్యా, తమరు దయతలచి' అనే నమూనా. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి ఈ రెండు జబాన్‌ల మధ్య ఎంత జారిపోయిందో నాకు బాగా కనిపిస్తుంది.

మొహల్లా పిల్లలు నాకు చూపించే కవర్ లెటర్లు రెండు రకాలు. ఒకటి: మాది పేద కుటుంబం, అబ్బా తబియత్ బాగోదు, ఎలాగైనా ఉద్యోగం ఇప్పించండి. రెండోది ఇంటర్నెట్ నకలు: నేను హార్డ్ వర్కర్‌ని, టీమ్ ప్లేయర్‌ని. మొదటిది చదివినవాడికి జాలి కలగొచ్చు, రెండోది చదివినవాడికి నిద్ర రావచ్చు. రెండిట్లోనూ గుర్రం లేదు.

పాత తర్తీబ్‌నే కొత్తగా వాడుకోవచ్చు. అల్కాబ్ ఒక్క లైను: అధికారి పేరు తెలిస్తే పేరు, లేకపోతే హోదా, ఏ పోస్టుకి రాస్తున్నారో. ఆదాబ్ అంటే లిహాజ్: ప్రకటనను జాగ్రత్తగా చదివి, వాళ్లకి ఏం కావాలో తెలుసుకుని రాయడం. పది చోట్లకీ ఒకే కాగితం పంపడం బేఅదబీ. ముద్దఆకే ఎక్కువ చోటివ్వాలి. బీకాం చదివిన అమ్మాయి అబ్బా కిరాణా దుకాణం లెక్కలు చూస్తోందనుకుందాం. అకౌంట్స్ పోస్టుకి రాసేటప్పుడు 'నాకు అనుభవం లేదు' అని మొదలుపెట్టనక్కర్లేదు. 'రెండేళ్లుగా మా దుకాణం ఖాతాలు కంప్యూటర్లో నేనే రాస్తున్నాను, నెలనెలా జీఎస్టీ లెక్కలు నేనే సిద్ధం చేస్తున్నాను' అంటే చాలు. అదే ఆమె గుర్రం. ఇంకొకరి గుర్రానికి తన దాగ్ వేయకూడదు, ఇంటర్వ్యూలో హులియా తేలిపోతుంది. దుఆ స్థానంలో షుక్రియా, ఎప్పుడు కలవగలరో, ఫోన్ నంబర్. అంతా ఒక పేజీ దాటొద్దు.

పంపే ముందు ఇంట్లో గట్టిగా చదివి వినిపించండి. మీరు ఏ పని చేయగలరో విన్న అమ్మీకి అర్థమైతే పంపేయండి. 'పాపం' అని ఆమె కళ్లు తుడుచుకుంటే మాత్రం కూర్చుని మళ్లీ రాయండి.