వానల వెనక పూసే నీలం

నోటిపూతకూ పుండ్లకూ ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లో పూసే ఊదారంగు మందు చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని పేరు జెన్షన్ వయొలెట్. ఆ మందులో ఏ పువ్వూ లేదు, అది ఉత్త రసాయన రంగు. పందొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలో దానికి పేరు పెట్టినవాళ్లు జెన్షన్ పువ్వుల రంగును తలచుకుని ఆ మాట తగిలించారు. అలా మందు మనదాకా వచ్చింది, పువ్వు మాత్రం రాలేదు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో ఇల్లిరియాను ఏలిన జెంటియస్ రాజు పేరు మీదుగా ఈ మొక్కలకు ఆ పేరు వచ్చింది. యూరప్‌లో శతాబ్దాల పాటు వీటి విలువ పువ్వులో కాదు, వేరులోని చేదులో ఉండేది. మన ఆయుర్వేదం కిరాతతిక్తం అని పిలిచే చిరాయితా కూడా ఈ కుటుంబపు మొక్కే, ఆ చేదే దానిదీ.

ఈ వ్యాసం ఆ కుటుంబంలో ఆలస్యంగా పూసే ఒక మొక్క గురించి. జెన్షియానా సైనో-ఆర్నాటా. నేలకు అంటుకుని జానెడు మేర పరుచుకుంటుంది. తోటలో మిగతా పూలన్నీ ముగిశాక, మన లెక్కలో ఆశ్వయుజ కార్తీకాల్లో, సన్నాయి ఆకారంలో పైకి నోరు తెరిచిన నీలిపూలు పూస్తుంది. పువ్వు రెండు అంగుళాలకు పైగా పొడవుంటుంది. లోపల చిక్కని నీలం, బయట తెల్లని, ముదురు ఊదా చారలు. ఇది తోటల్లోకి వచ్చి నూరేళ్లు దాటింది. ఈ కాలమంతా తోటమాలులు దీన్ని తమ దారికి తెచ్చుకోలేదు, తామే దాని దారికి వెళ్లారు. నాకు దీని చరిత్రలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే.

ముందు రాతితోటల సంగతి చెప్పాలి. లండన్‌లోని చెల్సీ ఔషధ ఉద్యానంలో 1773లో ఒక రాళ్లగుట్ట కట్టారు. జోసెఫ్ బ్యాంక్స్ ఐస్‌లాండ్ నుంచి ఓడలో తెచ్చిన లావా రాళ్లు, లండన్ కోటలోంచి తీసిన పాత రాళ్లు అందులో వాడారు. తర్వాత వందేళ్లకు ఇది మోజుగా మారింది. 1864లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు కెర్నర్ కొండమొక్కల సాగు మీద పుస్తకం రాశాడు. 1870లో విలియం రాబిన్సన్ ఇంగ్లిష్ తోటలవాళ్ల కోసం అలాంటిదే రాశాడు. 1871లో ఎడిన్‌బరో రాజోద్యానంలో జేమ్స్ మెక్‌నాబ్ రాళ్లతో వేల చిన్న గదులు కట్టి, ఒక్కో గదిలో ఒక్కో మొక్క పెట్టాడు. మోజు ముదిరి, ఫ్రాంక్ క్రిస్ప్ అనే సంపన్న న్యాయవాది ఫ్రయర్ పార్క్ అనే తన తోటలో ఆల్ప్స్‌లోని మ్యాటర్‌హార్న్ శిఖరానికి నమూనా కట్టించాడు. ఆ తోటనే 1970లో బీటిల్స్ గాయకుడు జార్జ్ హారిసన్ కొన్నాడు.

ఈ తోటలన్నిటికీ నమూనా ఆల్ప్స్ పర్వతాలే. అక్కడ మంచు కరగగానే పూలు విరగబూస్తాయి. తోటమాలులు ఎక్కువగా పెంచిన ఆల్ప్స్ జెన్షన్‌లూ వసంతంలోనే పూసేవి. అంత ఖర్చుతో కట్టిన గుట్ట వేసవి మొదట్లోనే వట్టి రాళ్లుగా మిగిలేది. శరత్తులో పూసే మొక్క కావాలన్న కోరిక అక్కడ పుట్టింది. దాన్ని తీర్చే పువ్వు ఆల్ప్స్‌లో దొరకలేదు, మన రుతుపవనాల దారిలో దొరికింది.

జార్జ్ ఫారెస్ట్ స్కాట్లండ్‌లోని ఫాల్కిర్క్‌లో 1873లో పుట్టాడు. మందుల దుకాణంలో పని నేర్చుకుని, ఆస్ట్రేలియా వెళ్లి తిరిగొచ్చి, ఎడిన్‌బరో ఉద్యానంలో ఎండు మొక్కల భాండాగారంలో చిన్న కొలువులో చేరాడు. లివర్‌పూల్ పత్తి వ్యాపారి ఆర్థర్ బుల్లీకి తోటలంటే ప్రాణం. చైనాకు పంపడానికి ఒక మనిషి కావాలని ఆయన అడిగితే, ఉద్యానాధిపతి ఐజాక్ బేలీ బాల్ఫర్ ఫారెస్ట్ పేరు చెప్పాడు. 1904లో ఫారెస్ట్ యున్నాన్ చేరాడు. ఆ ఏడాదే వాయవ్య యున్నాన్ పర్వతాల తడి పచ్చికల్లో ఈ జెన్షన్ అతని కంటబడింది. మరుసటి ఏడు టిబెట్ సరిహద్దు గొడవల్లో అతని బృందం మీద దాడి జరిగింది. సేకర్తల్లో దాదాపు అందరూ చనిపోయారు. ఫారెస్ట్ రోజుల తరబడి తిండి లేకుండా కొండల్లో దాక్కుని బయటపడ్డాడు. సేకరించినదంతా పోయింది. అయినా వెనుదిరగలేదు. 1932 జనవరిలో అదే నేల మీద కన్నుమూసేదాకా మొత్తం ఏడు యాత్రలు చేశాడు. ఈ జెన్షన్ 1910లో బ్రిటన్ తోటల్లోకి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. కొండలెక్కి మొక్క పూసిన చోటు గుర్తుపెట్టుకుని, గింజ పండే వేళకు మళ్లీ ఎక్కి ఏరి, ఆరబెట్టి, పొట్లాలు కట్టింది ఎక్కువగా స్థానిక నాషీ జాతి మనుషులు. వాళ్ల పెద్ద జావో చెంగ్‌జాంగ్ పేరు మిగిలింది, చాలామంది పేర్లు మిగల్లేదు. ఇది మనకు తెలిసిన కథే. ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర చదువుకున్న విలియం రాక్స్‌బర్గ్ 1780లలో మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు గీయించాడు. గీసిన చేతులెవరివో ఆ బొమ్మలతో వచ్చిన పుస్తకం చెప్పదు. తర్వాతి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో రాబర్ట్ వైట్ కోసం గీసిన రంగయ్య, గోవిందు పేర్లు మాత్రం నిలిచాయి. వాళ్ల బొమ్మలు ఈ జెన్షన్‌కు పేరు పెట్టిన ఎడిన్‌బరో ఉద్యానంలోనే ఉన్నాయి. పూల చరిత్ర రాసేవాళ్లు ఈ పేర్లను పాదసూచికల్లోకి నెట్టకూడదు.

ఈ జెన్షన్‌కు పేరు పెట్టింది బాల్ఫర్, 1918లో. హిమాలయాల్లో ఆర్నాటా అనే దగ్గరి చుట్టం ముందే తెలుసు కాబట్టి దీన్ని చైనా ఆర్నాటా అన్నాడు. అంతకుముందే, 1908 నుంచి 1914 దాకా, మెక్‌నాబ్ గదుల గుట్టను తీసేసి ఎడిన్‌బరో రాతితోటను కొత్తగా కట్టించిందీ ఆయనే. కొత్త మొక్కకు కొత్త ఇల్లు సిద్ధంగా ఉంది.

తీరా నాటాక తెలిసింది, ఆ ఇంటి నియమాలు దీనికి సరిపడవని. ఆల్ప్స్ మొక్కల పెంపకంలో మొదటి పాఠం నీరు నిలవకూడదని. రాళ్లు, గులకలు, ఇసుక పోసి, చాలాచోట్ల సున్నపురాయే వాడి గుట్టలు కట్టేవారు. ఈ మొక్కకు సున్నం బొత్తిగా పడదు. సున్నపు నేలలో ఇనుము వేళ్లకు అందక ఆకు పసుపెక్కి, మొక్క నీరసించి పోతుంది. ఎండిన గుట్ట మీదా బతకదు. దాని పుట్టినచోట మే నుంచి అక్టోబరు దాకా వానలు, చలికాలం పొడి. మొక్క వేసవంతా తాగి ఒళ్లు చేసుకుని, వాన వెనకపట్టు పట్టే వేళకు పూస్తుంది. ఆలస్యంగా పూయడం దాని బద్ధకం కాదు. మన చేమంతికి ఉన్నట్టే దానికీ ఒక వేళ ఉంది, ఆ వేళను దిద్దింది రుతుపవనం. ఆల్ప్స్ గడియారంతో చూసినవాళ్లకే అది ఆలస్యం.

అందుకే చల్లని, తడి వేసవి, పుల్లని నేల ఉన్న స్కాట్లండ్‌లో ఇది కలుపుమొక్కంత సులువుగా అల్లుకుంది. సుద్దనేలల దక్షిణ ఇంగ్లండ్‌లో ఎంత ప్రేమగా పెంచినా కన్నుమూసింది. అక్కడివాళ్లు తొట్లలో పెంచి, కుళాయి నీటిలో సున్నం ఉంటుందని వాననీరు పట్టి పోయడం నేర్చుకున్నారు.

యార్క్‌షైర్ రచయిత రెజినాల్డ్ ఫారర్ కథ కూడా ఇక్కడే కలుస్తుంది. సింహళంలో బౌద్ధం స్వీకరించినవాడు, రాతితోటల మీద ఆయన రాతకు సాటి లేదు. 1914–15లో విలియం పర్డమ్‌తో కలిసి గాన్సు కొండల్లో తిరిగి, లేత ఆకాశనీలపు జెన్షన్ ఒకటి తెచ్చాడు. దానికి ఫారెరీ అని ఆయన పేరే పెట్టారు. 1919లో ఆయన పెద్ద గ్రంథం రెండు సంపుటాలుగా వచ్చింది. 1920లో బర్మా కొండల్లో నలభై ఏళ్లకే చనిపోయాడు. ఫారెరీకి ఒక సుగుణం ఉంది, సున్నాన్ని కొంత ఓర్చుకుంటుంది. దాన్ని సైనో-ఆర్నాటాతో కలిపి మెకాలేయీ అనే సంకరం పుట్టించారు. స్టీవెనేజ్‌లో క్లారెన్స్ ఎలియట్ నర్సరీ నుంచి స్టీవెనేజెన్సిస్ వచ్చింది. ఎడిన్‌బరోలో ఇన్వర్లీత్ అనే రకం వచ్చింది. 1930ల చివర స్కాట్లండ్ కొండల మధ్య ఇన్‌ష్రియాక్‌లో జాక్ డ్రేక్ పెట్టిన నర్సరీ ఈ శరత్తు జెన్షన్‌లకే పేరుపొందింది. సంకరాల నీలాలు అందంగా ఉంటాయి, కాదనను. నా ఓటు మాత్రం మూలానికే. ఆ నీలంలోని లోతు మరే రకంలోనూ లేదు.

పెంపకం మెళకువలు ఈ నర్సరీల్లోనే తేలాయి. ఒకే చోట ఏళ్ల తరబడి వదిలేస్తే మొక్క బలహీనపడుతుంది. రెండు మూడేళ్లకోసారి, వసంతంలో చిగురు మొదలయ్యే వేళ, కుదురు మొత్తం లేపాలి. కత్తితో పని లేదు. తెల్లని తాళ్లలాంటి వేళ్లతో పిలకలు చేతికే విడివిడిగా వచ్చేస్తాయి. మాగిన ఆకు ఎరువు దండిగా కలిపిన కొత్త మడిలో, ఉల్లినారు నాటినట్టు జానెడు ఎడంగా నాటాలి. వేసవిలో ఒక్క వారం ఎండబెట్టినా ఆ శరత్తు పూతలో తేడా కనిపిస్తుంది. తడి ఉండాలి, అలాగని నీరు నిలవకూడదు. చలికి భయం లేదు.

ఒకప్పుడు ఇదంతా పీట్ మీద, అంటే బాడవల్లో సగం కుళ్లి పేరుకున్న మొక్కల పదార్థం మీద నడిచింది. నైరుతి స్కాట్లండ్‌లోని లోగన్‌లో మెక్‌డూవల్ సోదరులు పీట్ దిమ్మలతోనే గోడలు కట్టి, ఆసియా కొండమొక్కలు పెంచే కొత్త పద్ధతి చూపించారు. అయితే ఒక పీట్ బాడవ తయారు కావడానికి వేల ఏళ్లు పడుతుంది. ఒక పువ్వు కోసం మరో నేలను తవ్వి తేవడం తప్పని ఇప్పుడు బ్రిటన్ తోటమాలులు చాలామంది ఒప్పుకుంటున్నారు. ఆకు ఎరువు, మాగిన చెట్టుబెరడు ఆ స్థానంలోకి వచ్చాయి. మొక్క వాటితోనూ సుఖంగానే ఉంది.

మన ఊళ్ల ఎండకు ఇది తట్టుకోదు. ఎంత ముచ్చటపడినా హైదరాబాద్ మిద్దెతోటలో పెట్టి చంపకండి. స్కాట్లండ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు మాత్రం పెరట్లో ఒక మడి కేటాయించి చూడండి. అటు ప్రయాణం పడినవాళ్లు సెప్టెంబరు చివరో అక్టోబరులోనో ఎడిన్‌బరో రాతితోటకు వెళ్లండి. ఎండ ఉన్న మధ్యాహ్నమే వెళ్లండి, మబ్బు కమ్మితే ఈ పువ్వు ముడుచుకుంటుంది.